తూము తాళం ఎవరి చేతిలో?

బి.ఎస్సీ. ఆఖరి సంవత్సరం విద్యార్థి, రఘునాథపల్లి

కంప్యూటరు మీద మన సావనీరులో ఏటా ఒక వ్యాసం పడుతుంది. ఆధునిక యుగపు కల్పవృక్షం అని మొదలవుతుంది, యువత దాన్ని సద్వినియోగం చేసుకోవాలి అని ముగుస్తుంది. నేను రాయబోయేది అటువంటిది కాదు. నా ప్రశ్న చాలా చిన్నది. సి లాంటి ఉన్నత స్థాయి భాషలో ప్రోగ్రాం రాసే విద్యార్థి ప్రొసెసరు లోపలుండే ప్రత్యేకాధికార రిజిస్టర్లను ముట్టుకోగలడా? ముట్టుకోలేకపోతే అడ్డం నిలబడ్డది ఎవరు, భాషా, యంత్రమా? ఆ అడ్డు ఉండటం న్యాయమేనా? ఆర్ట్స్ మిత్రులు దయచేసి ఇక్కడే పేజీ తిప్పెయ్యకండి. ఇది చివరికి ఎవరి చేతికి ఏ తాళం ఇవ్వాలనే సంగతి. అది మాకంటే మీకే బాగా తెలిసిన విషయం.

రిజిస్టరు అంటే మా నాయినకు పహాణీ. 1984లో పటేల్ పట్వారీ వ్యవస్థ రద్దయ్యేదాకా ఊరి భూమి లెక్కంతా పట్వారీ దస్త్రంలో ఉండేది. అందులో ఒక్క గీత మారితే ఒక మనిషి బతుకు మారేది. 2020 అక్టోబరులో ధరణి వచ్చింది, 2025 ఏప్రిల్లో భూ భారతి వచ్చింది. పుస్తకం పోయి కంప్యూటరు వచ్చినా రైతు అడిగే ప్రశ్నలు మాత్రం మారలేదు. చూసే హక్కు ఎవరిది? రాసే హక్కు ఎవరిది? ప్రొసెసరు రిజిస్టర్ల విషయంలోనూ సరిగ్గా ఇవే రెండు ప్రశ్నలు.

ప్రొసెసరు లోపల, లెక్క చేసేటప్పుడు అంకెలు పెట్టుకోవడానికి కొన్ని చిన్న అరలుంటాయి. అవి సాధారణ రిజిస్టర్లు. రెండు అంకెలు కూడమంటే అక్కడికి తెచ్చుకుని కూడుతుంది. వీటిని ఎవరి ప్రోగ్రామైనా వాడుకోవచ్చు. ఇవి కాక ఇంకో జాతి రిజిస్టర్లున్నాయి. ఇవి లెక్కలు చెయ్యవు, లెక్కలు చేసేవాళ్లను నడిపిస్తాయి. ఏ ప్రోగ్రాముకు మెమరీలో ఏ భాగం కనపడాలో చెప్పే పట్టిక ఎక్కడుందో ఒక రిజిస్టరు చెబుతుంది. ఇంటెల్ జాతి ప్రొసెసర్లలో దాని పేరు సీఆర్ 3. బయటి పరికరాలు తలుపు తడితే వినాలా వద్దా అన్నది ఇంకొక దాంట్లో ఒక బిట్టు. ఏదైనా గడబిడ జరిగితే ఎక్కడికి పరుగెత్తాలో చెప్పేది మరొకటి. వీటిలో ఒక్క బిట్టు తారుమారైతే చెడిపోయేది ఒక ప్రోగ్రాము కాదు, ఆ యంత్రం మీద నడుస్తున్న సమస్తమూ.

ఈ రెండో జాతి రిజిస్టర్ల మాట మన డిగ్రీ చదువులో దాదాపు వినబడదు. దానికి ఒక కారణం మన ల్యాబులో ఉన్న కిట్టే. మనం ప్రాక్టికల్స్ చేసేది 8085 మీద. అది 1976 నాటి ప్రొసెసరు. దానిలో హోదాలు లేవు. ఇంటర్రప్టులు ఆపమని ఎవరు చెప్పినా ఆపుతుంది, ఆగమని ఎవరు చెప్పినా ఆగుతుంది. 1978లో వచ్చిన 8086 కూడా అంతే. ఇంటెల్ వారి వరుసలో 1982 నాటి 80286తోనే నాలుగు అంతస్తుల అధికారం వచ్చింది. అంటే మన సిలబస్ యంత్రాన్ని సరిగ్గా ఆ గడప ముందు దాకా తీసుకొచ్చి వదిలేస్తున్నది. అటువైపు సి భాషను వేరే పేపరుగా చెబుతారు. ఈ రెండు పేపర్లూ ఒకే కంప్యూటరు గురించేనని ఎక్కడా ఎవరూ ముడి వెయ్యరు. చెప్పే సార్లను తప్పు పట్టడం లేదు. సిలబస్ వాళ్లు రాసింది కాదు కదా.

ఈ ముడి ఎక్కడుందో చూద్దామని పోయిన సంవత్సరం నేను కావాలనే ఒక పని చేశాను. లినక్స్ ఉన్న ఒక మామూలు కంప్యూటరు మీద పది పంక్తుల సి ప్రోగ్రాం రాశాను. సి భాషలో సీఆర్ 3 అనే మాటే లేదు. చలరాశులున్నాయి, పాయింటర్లున్నాయి, మెమరీలో ఏ చిరునామా దగ్గరికైనా వెళ్లే వీలుంది. కానీ ఈ రిజిస్టరుకు చిరునామా లేదు. చిరునామా లేనిదాన్ని పాయింటరు పట్టుకోలేదు. అందుకని కంపైలరు ఇచ్చే కిటికీ ఒకటి వాడాను. సి ప్రోగ్రాం మధ్యలో ఒకటి రెండు పంక్తులు అసెంబ్లీ భాషలో రాసుకోనిచ్చే సదుపాయం అది. సి ప్రమాణంలో అది భాగం కాదు, కంపైలర్ల వాళ్లు తమంతట తాము పెట్టుకున్నది. ఆ కిటికీలోంచి, సీఆర్ 3లో ఉన్నది తెచ్చి నా చలరాశిలో పెట్టు అని రాశాను. కంపైలరు ఒక్క మాట అనలేదు. ప్రోగ్రాం తయారైంది. నడిపాను. "సెగ్మెంటేషన్ ఫాల్ట్" అని ఒక్క ముక్క చెప్పి చచ్చిపోయింది.

గమనించాల్సింది ఇక్కడే. నేను మెమరీ జోలికే పోలేదు. అయినా మెమరీ తప్పు చేసినవాడికి వేసే ముద్రే నాకూ వేశారు. లోపల జరిగింది వేరు. ఆ ఆజ్ఞ చూడగానే ప్రొసెసరు, ఇప్పుడు నడుస్తున్నది ఏ అంతస్తులో అని చూసుకుంటుంది. నా ప్రోగ్రాం ఉన్నది అట్టడుగున, మూడో వలయంలో. సీఆర్ 3 సున్నా వలయానిది. వెంటనే ఆ ఆజ్ఞను ఆపి, పదమూడో నంబరు ఫిర్యాదు లేవదీసి, పెత్తనమంతా లినక్స్ కెర్నెలుకు అప్పగిస్తుంది. కెర్నెలు నా ప్రోగ్రాంను చంపి, తన దగ్గరున్న పాత ముద్రల్లోంచి ఒకటి తీసి వేస్తుంది. కచేరీలో మన అర్జీ ఏ కారణంతో తిరస్కరించినా కాగితం మీద రాసేది మాత్రం ఎప్పుడూ ఒకటే మాట అయినట్టు.

కాబట్టి ఇక్కడ ఉన్నవి రెండు "కాదు"లు. మొదటిది భాష చెప్పే కాదు: ఆ మాట నా దగ్గర లేదు. రెండోది యంత్రం చెప్పే కాదు: ఆ మాట అనే హక్కు నీకు లేదు. మన విద్యార్థుల్లో నూటికి తొంభైమంది ఈ రెండింటినీ ఒకటిగా అనుకుంటారు. అసెంబ్లీ నేర్చినవాడు యంత్రాన్ని ఏమైనా చెయ్యగలడని హాస్టల్లో ఒక కథ నడుస్తుంటుంది. అది ఉత్త మాట. అసెంబ్లీ మొదటి కాదును మాత్రమే తీసేస్తుంది. రెండోది తీయడం దాని తరం కాదు. అదే ప్రోగ్రాం, అదే పంక్తి, కెర్నెలు లోపల నడిస్తే చక్కగా జవాబు ఇస్తుంది. మాట మారలేదు, మాట్లాడినవాడి హోదా మారింది.

మా దిక్కు చెరువు సంగతి తెలిసినవాళ్లకు ఇది కొత్త కాదు. కాకతీయుల నాటి పాకాల, రామప్ప మొదలుకొని ఊరూరా ఉన్న చిన్న కుంటల దాకా వరంగల్ చెరువుల్లో ఒకటే పద్ధతి. ఆయకట్టు కింద భూమి వందమందిది. తూము ఎత్తేది ఒక్క నీరటి. నా మడి ఎండుతున్నదని నేను పోయి తూము ఎత్తుకుంటే నా మడి పారుతుంది, చివరి మడివాడి నోట్లో మన్ను పడుతుంది. అట్లని రైతుకు నీటి మీద హక్కు లేదా అంటే, ఉన్నది. అడిగే హక్కు ఉన్నది, అడిగితే ఇయ్యాల్సిన బాధ్యత నీరటి మీద ఉన్నది. కంప్యూటరులో ఈ అడగడాన్నే సిస్టం కాల్ అంటారు. మన ప్రోగ్రాం ఒక ఫైలు తెరిచినా, తెర మీద ఒక అక్షరం వేసినా లోపల జరిగేది ఇదే. రైతు నీరటిని పిలుస్తాడు, నీరటి తూము ఎత్తుతాడు, మళ్లీ దించుతాడు. రైతు చేతికి తూము కర్ర ఎన్నడూ రాదు.

ఈ పద్ధతి మొదటినుంచీ ఇట్లాగే లేదు. 1973లో బెల్ ల్యాబ్స్ వారు యునిక్స్‌ను సి భాషలోకి తిరగరాశారు. ఆపరేటింగ్ సిస్టమంటే అసెంబ్లీలోనే రాయాలనే నమ్మకం ఆ పనితో సడలింది. వాళ్ల యంత్రం పీడీపీ 11. దానిలో ఒక విచిత్రం ఉంది. ప్రొసెసరు స్థితి చెప్పే ప్రధాన రిజిస్టరుకు మెమరీలో ఒక చిరునామా కూడా ఇచ్చారు. అష్టాంశ పద్ధతిలో 177776. చిరునామా ఉంది కాబట్టి సి భాషకు అది అందింది. యునిక్స్ ఆరో కూర్పులో ఆ అంకెకు పీఎస్ అని రెండక్షరాల పేరు పెట్టి, దానిలో ఉన్న విలువను సి పంక్తితోనే తీసి దాచుకుంటారు, పని అయ్యాక సి పంక్తితోనే మళ్లీ దానిలో పెడతారు. అసెంబ్లీ కిటికీ అక్కర్లేదు. మరి అందరూ అందులో రాయొచ్చా అంటే అదీ లేదు. ఆ చిరునామా ఉన్న మెమరీ భాగాన్ని మామూలు ప్రోగ్రాములకు కనపడకుండా చేశారు. మొదటి కాదు తీసేశారు, రెండో కాదు ఉంచారు. నాకు తెలిసినంతలో ఈ రెండింటి తేడా ఇంత సొగసుగా కనపడే ఉదాహరణ ఇంకొకటి లేదు.

ఆ యునిక్స్ మూల పాఠాన్ని 1976 ప్రాంతంలో ఆస్ట్రేలియాలో జాన్ లయన్స్ అనే అధ్యాపకుడు తన విద్యార్థుల కోసం వ్యాఖ్యానంతో అచ్చు వేశాడు. సుమారు 9 వేల పంక్తులు. ఒక మనిషి ఒక సంవత్సరంలో మొత్తం చదివి అర్థం చేసుకోగలిగినంత. తర్వాతి కూర్పు లైసెన్సులో తరగతి గదిలో చెప్పడానికి వీల్లేదని షరతు పెట్టారు. అప్పుడు ప్రపంచమంతటా విద్యార్థులు ఆ పుస్తకాన్ని జిరాక్సు మీద జిరాక్సు తీసుకుని చదివారు. 1996 దాకా అది బహిరంగంగా అచ్చులో రాలేదు. తరగతి గదిలో తలుపు మూస్తే జిరాక్సు షాపులో తెరుచుకుంటుందని మన హాస్టల్ వాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు.

ఇప్పుడు ఆ యంత్రమూ లేదు, ఆ చిరునామా సౌకర్యమూ లేదు. నేటి ప్రొసెసర్లలో ఈ రిజిస్టర్లకు వేరే నంబర్లు, వేరే ఆజ్ఞలు. వీటిలో నాకు మనసుకు పట్టింది రిస్క్ ఫైవ్ పద్ధతి. 2010లో అమెరికాలో బర్కిలీ విశ్వవిద్యాలయంలో మొదలైన ఆజ్ఞల పద్ధతి ఇది. ఎవరైనా చదువుకోవచ్చు, ఎవరైనా చిప్పు చేసుకోవచ్చు, ఎవరికీ పైసా కట్టనక్కర్లేదు. ఇందులో అధికారానికి మూడు మెట్లు: అడుగున వాడుకరి, నడుమ పర్యవేక్షకుడు, పైన యంత్రం. నియంత్రణ రిజిస్టర్లకు 12 బిట్ల నంబరు, అంటే 4096 దాకా చోటు. ఆ నంబరులోనే హక్కులు రాసి ఉంటాయి. పై రెండు బిట్లూ ఒకట్లయితే ఆ రిజిస్టరు చదవడానికే, రాయడానికి కాదు. ఆ తర్వాతి రెండు బిట్లు, ఎంత హోదా ఉన్నవాడు దాన్ని ముట్టుకోవచ్చో చెబుతాయి. షోడశాంశ పద్ధతిలో 300 అనే నంబరు తీసుకోండి. అది యంత్ర స్థితి రిజిస్టరు. విప్పి చూస్తే పైన రెండు సున్నాలు, తర్వాత రెండు ఒకట్లు. చదవొచ్చు, రాయొచ్చు, కానీ పై మెట్టువాడు మాత్రమే. 180 అన్నది పేజీ పట్టిక చిరునామా, నడిమి మెట్టువాడిది. ప్రొసెసరు గడియారపు చుట్లు (సైకిళ్లు) లెక్కపెట్టే రిజిస్టరు నంబరు సి తర్వాత రెండు సున్నాలు. అది విప్పితే అడుగు మెట్టువాడి స్థాయిదే, కానీ చదవడానికి మాత్రమే. పట్వారీ దస్త్రంలో ఏ పేజీ ఎవరు చూడొచ్చు, ఎవరు దిద్దొచ్చు అన్నది పేజీ నంబరులోనే ఉంటే మా తాతల కాలంలో ఎన్ని తగాదాలు తప్పేవో!

ఇక భాష సంగతికి వస్తాను. నాతో చదివే మిత్రుడొకడు ఒక వాదం చేస్తాడు. ఈ అసెంబ్లీ గొడవంతా ఎందుకు, సి భాషలోనే ఒక ఫంక్షను పెట్టి, దానికి రిజిస్టరు నంబరు ఇస్తే చదివి పెట్టేట్టు చేస్తే సరిపోదా అని. వినడానికి ముచ్చటగానే ఉంది. రిస్క్ ఫైవ్‌లో ఇది నేరుగా కుదరదు. రిజిస్టరు నంబరు ఆజ్ఞ లోపలే అచ్చయి ఉంటుంది. ప్రోగ్రాం నడిచేటప్పుడు చలరాశిలోంచి తెచ్చి ఇచ్చే వీలు లేదు. నంబరు ముందే తెలిసి ఉండాలి, లేకపోతే 4096 రిజిస్టర్లకూ వేర్వేరు ఆజ్ఞలు రాసి పెట్టుకోవాలి. ఇంటెల్ జాతిలో ఎమ్మెస్సార్ అనే రిజిస్టర్ల గుంపు ఉంది. వాటికి మాత్రం నంబరును ఇంకో రిజిస్టరులో పెట్టి ఇవ్వొచ్చు, అంటే మా మిత్రుడు కోరిన ఫంక్షను అక్కడ సులువు. అయితే సులువైన చోటే ప్రమాదం వచ్చింది. ఆ కథ చెబుతాను.

విండోస్‌లో విన్‌రింగ్ 0 అనే డ్రైవరు ఒకటి చాలా ఏళ్లుగా తిరుగుతున్నది. ఫ్యాను వేగం, ప్రొసెసరు వేడి, రంగు దీపాలు చూసుకునే ఎన్నో చిన్న ప్రోగ్రాములు దాన్ని లోపల పెట్టుకున్నాయి. ఆ డ్రైవరు సున్నా వలయంలో కూర్చుని, ఏ ఎమ్మెస్సార్ నంబరు ఇచ్చినా చదివి పెడుతుంది, ఏ విలువ ఇచ్చినా రాసి పెడుతుంది. అడిగేవాడు ఎవరని అడగదు. అన్ని ఎమ్మెస్సార్లూ వేడి చెప్పేవి కావు. సిస్టం కాల్ వచ్చినప్పుడు కెర్నెలులో ఎక్కడికి దూకాలో చెప్పే చిరునామా కూడా ఒక ఎమ్మెస్సారులోనే ఉంటుంది. దానిలో రాయగలిగినవాడు నీరటిని పిలవనక్కర్లేదు, నీరటి ఇంట్లోకి తన మనిషిని పంపొచ్చు. ఈ లోపాన్ని 2020లో నమోదు చేశారు. 2025 మార్చిలో మైక్రోసాఫ్ట్ రక్షణ ప్రోగ్రాం ఆ డ్రైవరును పట్టి మూలకు పెట్టడం మొదలుపెట్టింది. ఫ్యాన్లు చూసుకునే ప్రోగ్రాములు ఒక్కసారిగా ఆగి ఎంతోమంది గగ్గోలు పెట్టారు. లినక్స్ వారు కూడా 2020లోనే, వాడుకరి వైపునుంచి ఎమ్మెస్సార్లలో రాయబోతే హెచ్చరిక రాసి పెట్టే ఏర్పాటు చేశారు.

మరి ఆ డ్రైవరును అంతమంది ఎందుకు పెట్టుకున్నట్టు? ఇక్కడ నేను యంత్రం పక్షం వదిలి రైతు పక్షం వస్తాను. వాళ్లకు కావాల్సింది ఫ్యాను వేగం. దాన్ని మర్యాదగా అడిగి తెలుసుకునే దారి సరిగ్గా లేదు. దారి లేనిచోట జనం గోడ దూకుతారు. మా ఊళ్లో పత్తి చేను పక్కన ట్రాన్స్‌ఫార్మరు ఉంది. మోటరు స్టార్టరు రైతు చేతిలో ఉంటుంది. ట్రాన్స్‌ఫార్మరు దగ్గర ఫ్యూజు వెయ్యడం లైన్‌మన్ పని. అది నియమం. కానీ ఫ్యూజు పోయిన నాడు ఫోన్ చేస్తే రేపు అంటారు, రేపు చేస్తే ఎల్లుండి అంటారు. పొలం ఎండుతుంటే ఎల్లుండి దాకా ఆగే ఓపిక ఎవరికి ఉంటుంది? రైతే ఎబీ స్విచ్చు దించి ఫ్యూజు వేస్తాడు. ఒక్కోసారి ఆ స్విచ్చు పూర్తిగా దిగదు. ఆ తర్వాత ఏమవుతుందో వానాకాలం పేపర్లు చదివేవాళ్లకు తెలుసు. "మనం ముట్టుకోవద్దు బిడ్డా అని నాకూ తెలుసు, ముట్టుకోకపోతే చేను నిలవదని కూడా తెలుసు" అంటాడు మా నాయిన. నియమం తప్పని ఆయన ఎన్నడూ అనడు. నియమం పెట్టినవాడు పిలిస్తే రావాలంటాడు.

అందుకని నా అభిప్రాయం రెండు ముక్కల్లో ఉంటుంది. యంత్రం చెప్పే కాదు ఉండాలి. గట్టిగా ఉండాలి, నోరు తెరిచి చెప్పాలి కూడా. ఎందుకంటే నోరు తెరవని కాదు ఇంకా హీనం. ఇంటెల్ జాతిలో పాప్‌ఎఫ్ అని ఒక ఆజ్ఞ ఉంది. అడుగు వలయంలోని ప్రోగ్రాం దానితో ఇంటర్రప్టులు ఆపబోతే, ప్రొసెసరు ఫిర్యాదు చెయ్యదు, ఆపదు. ఆ ఒక్క బిట్టును మెల్లగా వదిలేసి మిగతా పని చేసి పంపిస్తుంది. మనకు పని అయిందనిపిస్తుంది, కాలేదు. మొహం మీద కాదన్న అధికారిని భరించొచ్చు గానీ, సరే సరే అని తల ఊపి ఫైలు కింద పడేసేవాడితో వేగడం కష్టం.

భాష చెప్పే కాదు మాత్రం పూర్తి గోడగా ఉండకూడదు, అట్లని మా మిత్రుడు కోరే బార్లా తెరిచిన తలుపుగానూ ఉండకూడదు. ఒక్కో రిజిస్టరుకు ఒక్కో పేరున్న చిన్న ఫంక్షను ఉండాలి. ఎమ్.ఐ.టి.లో విద్యార్థులకు చెప్పే ఎక్స్‌వీ 6 అనే చిన్న ఆపరేటింగ్ సిస్టం ఉంది. నేను పైన చెప్పిన ఆరో యునిక్స్‌ను అనుసరించి రాసిందే. 2019 నుంచి అది రిస్క్ ఫైవ్ మీద నడుస్తున్నది. అందులో ఒక్క ఫైలులో ఈ ఫంక్షన్లన్నీ వరుసగా ఉంటాయి. యంత్ర స్థితిని చదివేది ఒకటి, రాసేది ఒకటి, పేజీ పట్టిక చిరునామా రాసేది ఒకటి. ఒక్కోదానిలో ఒక్క పంక్తి అసెంబ్లీ. మిగతా కెర్నెలంతా వాటిని పేరు పెట్టి పిలుస్తుంది. తూములు ఎన్ని ఉన్నాయో, ఎవరు ఎప్పుడు ఎత్తుతున్నారో ఆ ఫైలు తెరిస్తే అరగంటలో తెలుస్తుంది. పొందికైన పని అంటే నా దృష్టిలో అదీ.

పేరున్న ఫంక్షను ఒక్కటే సరిపోతుందా అంటే, సరిపోదు. ఇందులో ఇంకో చిక్కు ఉంది. ఇది పుస్తకాల్లో ఒక్క వాక్యంలో దాటేస్తారు, నాకు మాత్రం అన్నిటికంటే ఇదే ముఖ్యమనిపిస్తుంది. కంపైలరు మన పంక్తుల వరుసను యథాతథంగా ఉంచదు. ఫలితం ఒకటే వస్తుందనుకుంటే, వేగం కోసం ముందువి వెనక్కి, వెనకవి ముందుకు జరుపుతుంది. మామూలు లెక్కల్లో దానితో నష్టం లేదు. ఇక్కడ ఉంది. ఇంటర్రప్టులు ఆపు, ఆ పట్టిక దిద్దు, మళ్లీ ఇంటర్రప్టులు తెరువు అని మనం మూడు పంక్తులు రాస్తాం. నడిమి పంక్తికీ తక్కిన రెండింటికీ సంబంధమున్నట్టు కంపైలరుకు ఎట్లా తెలుస్తుంది? అది రిజిస్టరు పని, ఇది మెమరీ పని. అది నడిమి పంక్తిని బయటికి జరిపిందంటే, తూము దించకముందే కాలువలో దిగినట్టే. అందుకే ఆ అసెంబ్లీ పంక్తిని తీసెయ్యొద్దని ఒక మాట, దానికి అటూ ఇటూ మెమరీ పనులు దాటించొద్దని ఇంకొక మాట కంపైలరుకు విడిగా చెప్పాలి. చాలామంది మొదటి మాట చెప్పి రెండోది వదిలేస్తారు. అట్లాంటి ప్రోగ్రాం పది వేల సార్లు నడుస్తుంది, ఆ మరుసటిసారి ఆగుతుంది. ఏ భాషలోనైనా ఇటువంటి ఫంక్షన్లు పెట్టేవాళ్లు ఆ రెండో మాటను వాటిలోనే కుట్టి ఇవ్వాలని నా కోరిక. రస్ట్ అనే కొత్త భాషలో 2022లో అసెంబ్లీ కిటికీ ప్రామాణికమైంది. అక్కడ ఈ విషయంలో జాగ్రత్త వైపే మొగ్గారు. మెమరీని ముట్టదని మనం నోటితో చెబితే తప్ప, ముట్టుతుందనే కంపైలరు అనుకుంటుంది. సి వాడుకకూ అది నేర్పాల్సిన అలవాటే.

పై అంతస్తులో కూర్చున్నవాళ్లు ఎంత తక్కువగా ఉంటే అంత మంచిదనడానికి 2024 జులై 19 ఒక్కటి చాలు. క్రౌడ్‌స్ట్రైక్ వారి రక్షణ ప్రోగ్రాం విండోస్ కెర్నెలు స్థాయిలో నడుస్తుంది. దానికి పంపిన ఒక తప్పుడు ఫైలుతో సుమారు 85 లక్షల కంప్యూటర్లు నీలి తెర వేసుకుని కూలబడ్డాయని మైక్రోసాఫ్టే లెక్క చెప్పింది. ఆ రోజు మన శంషాబాద్ విమానాశ్రయంలో బోర్డింగ్ పాసులు చేత్తో రాసి ఇచ్చారు. అదే తప్పు అడుగు వలయంలో జరిగి ఉంటే ఒక్క ప్రోగ్రాం చచ్చేది, విమానాలు ఎగిరేవి.

ఇదంతా డిగ్రీ పిల్లలకెందుకు, ఉద్యోగాలకు అమీర్‌పేటలో నేర్పే కోర్సులు చాలవా అని అడిగేవాళ్లున్నారు. మా సీనియర్లు కొందరు మూడు నెలల కోర్సు చేసి మంచి ఉద్యోగాల్లోనే ఉన్నారు, దాన్ని చులకన చెయ్యను. భూమి కౌలుకిచ్చి కొడుకును చదివించే ఇంట్లో మొదటి జీతం ఎంత అవసరమో నాకు ఇంకొకరు చెప్పక్కర్లేదు. కానీ ఆ కోర్సుల్లో నేర్పేది వాడకం. వాడకం ఐదేళ్లకొకసారి మారుతుంది. ఎవరు ఎవరిని అడగాలి, ఎక్కడ అడ్డు ఉండాలి అన్న సంగతి పీడీపీ 11 నాటినుంచి ఇప్పటిదాకా మారలేదు.

ఇంకో సంగతి. 1967లో హైదరాబాదులో ఈసీఐఎల్ పెట్టారు. ఎ.ఎస్. రావు గారి నాయకత్వంలో నడిచిన ఆ సంస్థ 1970లలో టీడీసీ 12, టీడీసీ 316 అనే కంప్యూటర్లు ఇక్కడే తయారుచేసి దేశానికి ఇచ్చింది. యంత్రాన్ని తామే కట్టినవాళ్లకు దాని రిజిస్టర్లన్నీ ఇంటి మనుషుల్లా తెలిసి ఉంటాయి. నేడు మద్రాసు ఐఐటీలో శక్తి, తిరువనంతపురం సీడాక్‌లో వేగ అని రిస్క్ ఫైవ్ ప్రొసెసర్లు తయారయ్యాయి. కేంద్ర ప్రభుత్వం 2022లో వీటికోసం ఒక కార్యక్రమమే ప్రకటించింది. ఆ ప్రొసెసర్ల మీద కెర్నెళ్లు, డ్రైవర్లు రాసేవాళ్లు కావాలి. వాళ్లు ఎక్కడినుంచి వస్తారు? ఐఐటీలనుంచే రావాలని రాజ్యాంగంలో రాసి లేదు. జనగామ, రఘునాథపల్లి, ఘన్‌పూర్ స్టేషన్లలో రైలెక్కి కాజీపేటలో దిగే పిల్లలు కూడా రావొచ్చు, ఎవరైనా ఆ గడప చూపిస్తే.

చూపించడానికి ఖర్చు కూడా లేదు. చిప్పు కొనక్కర్లేదు. క్యూఎంయు అనే ఉచిత ప్రోగ్రాం ఉంది, మామూలు కంప్యూటరు లోపల ఒక రిస్క్ ఫైవ్ యంత్రాన్ని సృష్టించి పెడుతుంది. ఆ యంత్రం నిద్ర లేచేటప్పుడు పై మెట్టు మీదే లేస్తుంది. కాబట్టి తూములన్నీ మన చేతిలోనే ఉంటాయి, పాడైతే మూసేసి మళ్లీ తెరుచుకోవచ్చు, ఎవరి చెరువూ తెగదు. నా ప్రతిపాదన మూడు ప్రాక్టికల్స్. మొదటి దానిలో, పై మెట్టు మీద ఉండి 300 నంబరు రిజిస్టరును చదివి విలువ అచ్చు వెయ్యాలి. రెండో దానిలో, అడుగు మెట్టుకు దిగి మళ్లీ అదే ఆజ్ఞ ఇవ్వాలి. ఈసారి యంత్రం ఒప్పుకోదు. ఎందుకు ఆపిందో ఒక రిజిస్టరులో 2 అని రాస్తుంది, చెల్లని ఆజ్ఞ అని దాని అర్థం. ఎక్కడ ఆపిందో ఇంకో రిజిస్టరులో చిరునామా రాస్తుంది. ఆ రెండూ రికార్డు పుస్తకంలో ఎక్కించాలి. మూడో దానిలో, అడుగు మెట్టు మీదివాడు మర్యాదగా అడిగితే పై మెట్టువాడు ఆ విలువ చదివి ఇచ్చే చిన్న సిస్టం కాల్ రాయాలి. మొత్తం రెండు వందల పంక్తులు దాటదు. 8085 కిట్టును తీసెయ్యమనడం లేదు. హోదాలు లేని ఊరు ఎట్లా ఉండేదో తెలియడానికి అదీ ఉండాలి.

తెలుగులో చెప్పాలన్నది కూడా నా ప్రతిపాదనలో భాగమే. రిజిస్టరును రిజిస్టరనే అనండి, బిట్టును బిట్టనే అనండి. వాటికి నిఘంటువు మాటలు వెతుకుతూ కూర్చోనక్కర్లేదు. కానీ ఎందుకు అనే ముక్క మాత్రం మనం ఇంట్లో మాట్లాడే భాషలో చెప్పండి. మా క్లాసులో సగంమందికి ట్రాప్ అంటే ఏమిటో ఇంగ్లీషు నిర్వచనం కంఠతా వచ్చు. తూము పోలిక చెప్పినప్పుడు వాళ్లలో ఒకడు, అయితే నీరటే లంచం తింటే ఎట్లా అని అడిగాడు. కెర్నెలే చెడితే ఏమిటన్న ప్రశ్న అది. దాని మీద ప్రపంచంలో పెద్ద పెద్ద వాళ్లు పని చేస్తున్నారు. 2018లో బయటపడ్డ ప్రొసెసరు లోపాల్లో ఒకటి ఈ ప్రత్యేకాధికార రిజిస్టర్ల విలువలను అడుగు వలయంనుంచే దొంగచాటుగా ఊహించే వీలు ఇచ్చింది. అంటే తాళం వేసిన తలుపుకు కూడా సందు ఉంది. ఆ చర్చ ఆ రోజు మెస్సులో అన్నం గంట కొట్టినా ఆగలేదు.

ప్రస్తుతం మేం నలుగురం ఆదివారాలు ఈ మూడు ప్రాక్టికల్సూ ఒక పాత ల్యాప్‌టాప్ మీద చేస్తున్నాం. రెండోదాకా వచ్చాం. కంప్యూటర్ ల్యాబులో ఒక్క యంత్రం, శనివారం మధ్యాహ్నం రెండు గంటలు ఇప్పిస్తే జూనియర్లను కూడా కూర్చోబెట్టుకుంటామని శాఖాధిపతి గారికి అర్జీ ఇచ్చాం. చూద్దాం అన్నారు.